ఉపకారమా, వేతనమా? – అమెరికా కళాశాల ఫుట్‌బాల్ వివాదము



పైచదువులకు పోవు పేదవిద్యార్థికి ప్రభుత్వమో, ధర్మసంస్థయో ఇచ్చు ధనసాహాయ్యమును మనము ఉపకారవేతన మందుము. ఈ మాటలో రెండు ముక్కలు కలవు. ఉపకార మనగా ఇచ్చువాని దయ. దానిని అడిగి పుచ్చుకొనుటకు హక్కు లేదు. ఇచ్చినచో నమస్కరించి తీసికొనవలెను. వేతన మనగా చేసిన పనికి రావలసిన ప్రతిఫలము. దానిని ఇయ్యనిచో అడుగవచ్చును. అవసరమైనచో న్యాయస్థానమునకును పోవచ్చును. మన భాషలో ఈ రెండు మాటలును కలహింపక ఒకే సమాసమున ఇమిడియున్నవి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మాత్రము ఈ రెంటి నడుమ డెబ్బది యేండ్లుగా పోరు నడచుచున్నది. అది జరుగుచున్నది కళాశాలల ఫుట్‌బాల్ మైదానమున. దాని చరిత్రను ఈ పాఠమున తెలిసికొందము.

ఆట యెట్టిది?

ఫుట్‌బాల్ అనగానే మనకు పాదముతో తన్ను గుండ్రని బంతి జ్ఞప్తికి వచ్చును. అమెరికాలో ఆ పేరుతో ఆడు ఆట వేఱు. ఆ బంతి కోలగా నుండును. దానిని చేతబట్టి పరుగెత్తుదురు, విసరుదురు. బంతి గలవానిని ఎదిరిపక్షమువారు పట్టి నేలగూల్చుదురు. పక్షమునకు 11 మంది. మైదానము పొడవు 100 గజములు. దెబ్బలు తగులు ఆట గనుక తలకు గట్టి టోపీలును, భుజములకు మెత్తలును ధరింతురు. బంతిని ఎవరికి అందింపవలెనో, ఎటు విసరవలెనో నిర్ణయించి ఆటను నడుపువానిని క్వార్టర్‌బాక్ అందురు. జట్టునకు అతడే కన్ను, చేయి.

ఈ ఆటకు అచ్చట కళాశాలలే పుట్టినిండ్లు. 1869 నవంబరు 6వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమున రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల నడుమ జరిగిన పోటీని మొదటిదిగా లెక్కింతురు. నాటి ఆట నేటి ఆటను పోలియుండలేదు, చూడవచ్చినవారును కొలదిమందియే. నేడు మిషిగన్ విశ్వవిద్యాలయపు మైదానమున లక్షకుపైగా జనులు కూర్చుండి చూడవచ్చును. టికెట్ల వలనను, టెలివిజన్ ప్రసారపు హక్కుల వలనను పెద్ద విశ్వవిద్యాలయములకు ఏటేట కోట్లకొలది డాలర్లు వచ్చుచున్నవి. పేరుపొందిన శిక్షకుల జీతములు విశ్వవిద్యాలయాధ్యక్షుల జీతములను మించియున్నవి. ఈ ధనమంతయు ఎవరి ఆటను చూచి వచ్చుచున్నదో, ఆ ఆటగాండ్రు 18 మొదలు 23 యేండ్ల ప్రాయపు విద్యార్థులు. అందు వారికి పాలు కలదా? ఒక కళాశాలను విడిచి మఱొకదానికి పోగోరినచో వారు పోవచ్చునా? వివాదమంతయు ఈ రెండు ప్రశ్నలను ఆశ్రయించి యున్నది.

ఒక పేరు పుట్టిన విధము

మొదటి దినములలో ఈ ఆట మిక్కిలి మోటుగా నుండెడిది. 1905లో ఆటలో దెబ్బలు తిని పలువురు యువకులు మరణించిరి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయముల ప్రతినిధులను శ్వేతభవనమునకు పిలిపించి ఆటను సంస్కరింపుడని హెచ్చరించెను. దాని ఫలితముగా 1906లో పలు కళాశాలలు కూడి ఒక సంఘముగా నేర్పడినవి. 1910 నుండి దానికి ఎన్.సి.ఎ.ఎ. అను పేరు వచ్చినది. ఆటగాడు ఆటకొఱకు ధనము పుచ్చుకొనరాదనుట ఈ సంఘమునకు మూలసూత్రము.

సూత్రము సూత్రమే, ఆచరణ ఆచరణయే. కార్నెగీ సంస్థవారు 1929లో ప్రకటించిన నివేదికలో, తాము పరిశీలించిన కళాశాలలలో అధికభాగము ఆటగాండ్రకు ఏదో యొక రూపమున ధనమిచ్చుచున్నవని తేలినది. చాటున జరుగుదానిని బాహాటముగా, హద్దులతో జరిపించుట మేలని తలచి సంఘము 1956లో క్రీడా ఉపకారవేతనములకు అనుమతి నిచ్చినది. చదువు రుసుము, భోజనము, వసతి, పుస్తకములు: ఇవి ఇయ్యవచ్చును, అంతకు మించి చేతికి పైకము చాలవఱకు ఇయ్యరాదు.

ఇచ్చటనే చిక్కు పుట్టినది. ఆడినంతకాలము ఇచ్చి, ఆడుట మానినచో ఆపివేయుదానిని ఉపకార మందుమా, వేతన మందుమా? కొలరాడో రాష్ట్రమున నడచిన రెండు వ్యాజ్యములు ఈ ప్రశ్నకు రెండు సమాధానములిచ్చినవి. డెన్వర్ విశ్వవిద్యాలయపు ఆటగాడొకడు అభ్యాసమున గాయపడగా, 1953లో ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము అతనికి పనివానికి ఇచ్చునట్టి పరిహారము చెల్లునని తీర్పు చెప్పినది. కళాశాలలో అతనికి దొరకిన చిన్న యుద్యోగము అతడు ఫుట్‌బాల్ ఆడుటపైననే ఆధారపడి యుండుట దీనికి కారణము. 1955లో ఫోర్ట్ లూయిస్ కళాశాల ఆటగాడొకడు పోటీలో తలకు దెబ్బ తగిలి మరణించెను. అతని భార్య పరిహారము కోరినది. 1957లో అదే న్యాయస్థానము, ఫుట్‌బాల్ ఆ కళాశాల చేయు వ్యాపారము కాదనియు, మృతుడు పనివాడు కాడనియు చెప్పి ఆమె కోరికను త్రోసిపుచ్చినది.

ఈ కాలముననే సంఘమువారు ఆటగాండ్రను ‘విద్యార్థి-క్రీడాకారులు’ అని పిలువవలెనని శాసించిరి. వినుటకు గౌరవముగనే యుండును. కాని 1951 మొదలు 1987 వఱకు సంఘమునకు కార్యనిర్వాహకుడుగా నున్న వాల్టర్ బయర్స్ 1995లో వెలువరించిన గ్రంథమున దీని గుట్టును విప్పిచెప్పెను. ఆటగాండ్రను న్యాయస్థానములు పనివారిగా పరిగణించునను భయముచేతనే తాము ఆ పేరును కల్పించితిమని ఆయన వ్రాసెను. పదవిలో నున్నపుడు ఆ నియమములను కఠినముగా నడపినవాడే తరువాత ఆటగాండ్ర హక్కులకొఱకు వాదించెను. పేరు గొప్ప, ఊరు దిబ్బ యని మన పెద్దలన్నది ఇట్టి సందర్భమునకే. పేరున గౌరవము కలదు. గాయపడిన నాడు గంజికి ఆధారము లేదు.

కట్టుబాటు ఒకరికే

ఇక బదిలీల సంగతి చూతము. మన పాఠశాలలో చదువు బాలుని తండ్రికి వేఱొక యూరికి బదిలీ యైనచో, ఆ బాలుడు ప్రధానోపాధ్యాయులవారికి అర్జీ పెట్టి టి.సి. పుచ్చుకొని పోవును. క్రొత్త పాఠశాలలో చేరిన నాడే ఆటల గంటలో తోటివారితో ఆడును. అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో చిరకాలము ఇట్లు జరుగలేదు. ఒక పెద్ద విశ్వవిద్యాలయమునుండి మఱొకదానికి పోయిన ఆటగాడు సామాన్యముగా ఒక యేడు పోటీలలో ఆడక ఊరకుండవలెను. క్రొత్త కళాశాలవారు అతనితో మాటలాడుటకు సైతము పాత కళాశాల అనుమతి కావలసియుండెను. ఉపకారవేతనము 1973 నుండి ఏటికి ఒకమాఱు మాత్రమే మంజూరగుచుండెను. మఱుసటి యేడు దానిని పొడిగించుట, మానుట కళాశాల చేతిలోనిది. కొన్నియేండ్లకు ఒక్కమాఱుగా ఇచ్చుటకు 2012లో గాని మరల అనుమతి రాలేదు.

శిక్షకునకు ఈ కట్టుబాట్లు లేవు. 2021 నవంబరులో నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయపు శిక్షకుడు బ్రయన్ కెల్లీ, ఆ యేటి ఆటలు ఇంకను ముగియకమునుపే లూయిసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు వెడలిపోయెను. ఆ దినములలోనే ఓక్లహోమా శిక్షకుడు లింకన్ రైలీ దక్షిణ కాలిఫోర్నియాకు పోయెను. అట్లు పోవుట తప్పని మేము చెప్పుటలేదు. మెఱుగైన జీతమునకు ఉద్యోగము మారుట లోకమున సహజము. కాని శిక్షకుని మాట నమ్మి చేరిన బాలుని పాతచోటనే కట్టివేసి, ఆ శిక్షకుని మాత్రము స్వేచ్ఛగా విడుచు నియమము న్యాయమగునా యని ప్రజలు అడుగసాగిరి.

2018 అక్టోబరు 15వ తేదీన ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’ అను పట్టిక ప్రారంభమైనది. ఇది గణకయంత్రములో నుండు ఒక పేర్ల చిట్టా. ఆటగాడు తాను బదిలీ కోరుచున్నానని తెలిపినంతనే కళాశాల అతని పేరును అందు చేర్చితీరవలెను. అప్పటినుండి పాతవారి అనుమతి లేకయే ఇతర కళాశాలలు అతనిని పిలువవచ్చును. 2021లో, ఒక్కమాఱు మారినచో ఏడాది ఆగనక్కఱలేదని సంఘము నియమము మార్చినది. 2023 డిసెంబరులో పశ్చిమ వర్జీనియాలోని ఫెడరల్ న్యాయస్థానము, రెండవమాఱు మారినవారిని ఆపుటను కూడ నిలిపివేసినది. 2024 ఏప్రిలులో, చదువులో తగిన మార్కులున్నవారు ఎన్నిమాఱులైనను మారవచ్చునని సంఘమే ఒప్పుకొన్నది. అఱువదియేండ్ల కట్టడి ఆఱేండ్లలో తొలగిపోయినది.

న్యాయస్థానముల తీర్పులు

ధనము సంగతియు ఇట్లే మెల్లమెల్లగా మారినది. 1984 వఱకు ఏ కళాశాల ఆటను ఎన్నిమాఱులు టెలివిజన్‌లో చూపవలెనో సంఘమే నిర్ణయించెడిది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయములు వ్యాజ్యము వేయగా, ఆ కట్టడి గుత్తాధిపత్యమును నిషేధించు చట్టమునకు విరుద్ధమని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. నాటినుండి కళాశాలలును, వాని కూటములును తమ ప్రసారపు హక్కులను తామే అమ్ముకొని అపారధనము గడించినవి. స్వేచ్ఛావ్యాపారపు ఫలము కళాశాలలకు దక్కినది. ఆటగాండ్రకు మాత్రము పాత నియమమే మిగిలినది.

2014లో ఇల్లినాయ్ రాష్ట్రమందలి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు ఆటగాండ్రు, కెయిన్ కోల్టర్ అను క్వార్టర్‌బాక్ నాయకత్వమున, కార్మికసంఘము పెట్టుకొనుటకు అనుమతి కోరిరి. ఆటల కాలమున వారు వారమునకు 40 మొదలు 50 గంటలు ఫుట్‌బాల్‌కే వినియోగించుచున్నారని గుర్తించి, జాతీయ కార్మిక సంబంధముల మండలి ప్రాంతీయాధికారి వారు పనివారే యని నిర్ణయించెను. ఆటగాండ్రు వోట్లు వేసిరి. కాని ఆ పెట్టె తెరువబడలేదు. 2015 ఆగస్టులో మండలి ఈ విషయమున తాము కలుగజేసికొనమని చెప్పి విడిచిపెట్టినది. వారు పనివారా, కారా యను ప్రశ్నకు సమాధానము చెప్పనేలేదు.

2021 జూన్ 21వ తేదీన ఆల్స్టన్ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మండుగురు న్యాయాధిపతులును ఏకగ్రీవముగా సంఘమునకు వ్యతిరేకముగా తీర్పు చెప్పిరి. చదువునకు సంబంధించిన సౌకర్యములపై సంఘము విధించిన హద్దులు చెల్లవనుట ఆ తీర్పు సారాంశము. పదిదినములకే, అనగా జూలై 1వ తేదీన, సంఘము మఱియొక ద్వారమును తెఱచినది. ఆటగాడు తన పేరును, తన బొమ్మను వ్యాపారప్రకటనలకు ఇచ్చి ధనము గొనవచ్చును. ఈ హక్కును కాలిఫోర్నియా రాష్ట్రము 2019లోనే చట్టమున చేర్చియుండెను. తోడనే ఆయా విశ్వవిద్యాలయముల అభిమానులు చందాలు పోగుచేసి నిధులు నెలకొల్పిరి. పేరునకు అది ప్రకటనల సొమ్ము. పెక్కుచోట్ల నిజమునకు ఆటకు ఇచ్చు కూలియే.

తుదకు 2025 జూన్ 6వ తేదీన న్యాయాధిపతి క్లాడియా విల్కెన్ ఒక గొప్ప రాజీని ఆమోదించిరి. పూర్వపు ఆటగాండ్రకు ఇంచుమించు 280 కోట్ల డాలర్లు పదేండ్లలో చెల్లింపవలెను. అంతేకాక, ఆ రాజీలో చేరిన ప్రతి విశ్వవిద్యాలయమును తన ఆటగాండ్రకు నేరుగా ధనము పంచవచ్చును. 2025-26వ సంవత్సరమునకు ఆ హద్దు ఇంచుమించు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఇందు ఎక్కువ భాగము ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ ఆటగాండ్రకే పోవుచున్నది. స్త్రీపురుషులకు విద్యాసంస్థలలో సమానావకాశములు కలిగించు 1972వ సంవత్సరపు చట్టమునకు ఇది విరుద్ధమని కొందఱు క్రీడాకారిణులు, పూర్వపు బాకీల పంపకముపై అప్పీలు చేసిరి. ఒకరికి జరిగిన అన్యాయమును దిద్దునపుడు మఱొకరికి అన్యాయము జరుగకుండ చూచుకొనుట యెంత కష్టమో దీనివలన తెలియును.

నోటిమాట

కట్టడులు తొలగినంతనే క్రొత్త కలహములు పుట్టినవి. 2024లో మాథ్యూ స్లూకా అను క్వార్టర్‌బాక్ లాస్ వేగస్ నగరమందలి నెవాడా విశ్వవిద్యాలయమున ఆడుచుండెను. జట్టు మొదటి మూడు పోటీలను గెలిచినది. సెప్టెంబరు చివర అతడు హఠాత్తుగా ఆట విరమించెను. తన్ను చేర్చుకొనునపుడు లక్ష డాలర్లు ఇత్తుమని చెప్పిరనియు, అది ముట్టలేదనియు అతని పక్షమువారు చెప్పిరి. ఆటకు ప్రతిఫలముగా ధనము కోరుట నాటి నియమములకును, రాష్ట్రచట్టమునకును విరుద్ధమని విశ్వవిద్యాలయము బదులు చెప్పినది. వాగ్దానము నోటితో జరిగినదే కాని కాగితముపై లేదు. ఎవరి మాట నిజమో మనము తీర్పు చెప్పజాలము. నోటిమాట నీటిమూట యగునని మాత్రము చెప్పగలము.

అతడు మూడు పోటీల తరువాతనే ఏల మానెనో తెలియుటకు ఒక నియమము తెలియవలెను. నాటి నియమము ప్రకారము ఆటగాడు ఐదేండ్లలో నాలుగేండ్లు ఆడవచ్చును. ఏ యేడైనను నాలుగు పోటీలకు మించి ఆడనిచో ఆ యేడు లెక్కకు రాదు. దానిని వేఱొకచోట వాడుకొనవచ్చును. అట్లే అతడు వేఱొక విశ్వవిద్యాలయమునకు పోయెను. లాస్ వేగస్ జట్టు మఱొక క్వార్టర్‌బాక్‌తో ఆడి ఆ యేడు మొత్తము 11 పోటీలు గెలిచినది. ఎంతటివాడు విడిచిపోయినను స్థలము ఖాళీగా నుండదు.

2025 ఏప్రిలులో టెనెసీ విశ్వవిద్యాలయపు క్వార్టర్‌బాక్ నీకో యమలేయావా అభ్యాసమునకు రాలేదు. ప్రతిఫలమును గూర్చిన సంప్రదింపులే దీనికి కారణమని పత్రికలు వ్రాసినవి. మఱునాడే శిక్షకుడు, జట్టు అతడు లేకయే ముందునకు సాగునని ప్రకటించెను. ఆ యువకుడు లాస్ ఏంజిలిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరెను. ఒకప్పుడు ఆటగాడు పోలేక బాధపడెను. నేడు పోవుట, పంపుట రెండును ఒక్క దినపు పనియైనవి.

చదువు ఏమైనది?

ఇచ్చట పలువురు పెద్దలు ఒక యాక్షేపము చెప్పుదురు: “చదువుకొను బాలునకు ధనము చూపినచో చదువు చెడును, కావున పాత పద్ధతియే మేలు.” ఈ యాక్షేపమున కొంత నిజము కలదు. ఏటేట కళాశాల మారు బాలునకు ఒకచోట చదివిన పాఠములు మఱొకచోట లెక్కకు రాకపోవచ్చును. పట్టము ఆలస్యమగును, ఒక్కొకప్పుడు చేతికే రాదు. కళాశాల ఫుట్‌బాల్ ఆడువారిలో వృత్తిక్రీడాకారులగువారు నూటికి ఇద్దరికి మించరు. మిగిలిన తొంబది యెనమండుగురికి పట్టమే జీవనాధారము.

ఐనను, పాత పద్ధతి చదువును కాపాడినదా? వారమునకు 40 గంటలు ఆటకే పోయినపుడు ఆ చదువు ఎట్టిదో ఊహింపవచ్చును. ధనము లేకుండుట చేత చదువు నిలువలేదు. ధనము వచ్చుట చేతనే చదువు చెడలేదు. ఆడించువారు చదువునకు కాలము మిగుల్చకపోవుటయే మొదటి దోషము. మా యభిప్రాయమిది: ఆటగాని శ్రమవలన ఆదాయము వచ్చునపుడు అందు అతనికి పాలిచ్చుట ఉపకారము కాదు, ఋణము తీర్చుట. కాని విద్యాలయము అతనికి పడిన మొదటి ఋణము విద్యయే. పైకమిచ్చి చదువు నెగవేసినచో సగము బాకీ మిగిలియే యుండును.

ఆటగాడు చట్టదృష్టిలో పనివాడా, కాడా యను మూలప్రశ్నకు 2025 నాటి రాజీయు సమాధానము చెప్పలేదు. 2024 జూలైలో ఒక ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము, కళాశాల క్రీడాకారులు కొన్ని సందర్భములలో పనివారు కావచ్చునని మాత్రము చెప్పినది. 1950ల నడుమ కల్పించిన ఒక పేరు ఇంకను ఈ ప్రశ్నకు అడ్డుపడుచున్నది.

తలిదండ్రులకు ఒక మాట

మన పిల్లలలో కోలబంతి యాడువారు అరుదు. కాని ఆట, పాట, చేతిపని, చదువు, దేనివలననైనను పిల్లలకు నేడో రేపో ఒక సంస్థవారు ఏదో యొకటి ఇత్తుమని వచ్చుట అరుదు కాదు. ఆ నాడు మూడు విషయములు విచారింపవలెను. ఇచ్చునది ఉపకారమా, వేతనమా? చెప్పిన మాట మనకు చదువవచ్చిన భాషలో కాగితముపై ఉన్నదా? పని ముగిసిన తరువాత పిల్లవాని చేత మిగులు చదువెంత? కాగితము వేఱు భాషలో నున్నచో, తెలిసినవారిచేత చదివించుకొని, అర్థమైన పిదపనే సంతకము చేయవలెను. అట్లు అడుగుట అవమానము కాదు. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనుమని పెద్దలు చెప్పిరి. ఆటగాని దేహబలము కొన్నియేండ్ల దీపము. విద్య జీవితాంతము వెలుగు దీపము.

అభ్యాసము

1. ఉపకారము, వేతనము: ఈ రెండు మాటలకు గల భేదమును సొంతమాటలలో వివరింపుడు.
2. కొలరాడో రాష్ట్రమున 1953లోను, 1957లోను వచ్చిన తీర్పులను పోల్చి, భేదమునకు కారణము చెప్పుడు.
3. ‘విద్యార్థి-క్రీడాకారుడు’ అను పేరు ఏ యుద్దేశమున పుట్టినది? పేరు మార్చుటచే మనిషి హక్కు మారిన మఱియొక ఉదాహరణమును మీ యెఱుకలో నుండి చూపుడు.
4. శిక్షకునకు గల స్వేచ్ఛ ఆటగానికి నుండవలెనా? ఇరుపక్షముల వాదములను తరగతిలో చర్చింపుడు.
5. మీ యింట నున్న ఏదైన నొక ఒప్పందపత్రమును పెద్దల సాయముతో చదివి, అందు అర్థము కాని మాటలకు తెలుగున అర్థములు వ్రాసికొని రండు.